మ్వాంజా వెళ్తున్నవారికి: టాంజానియా ఇళ్లలో రోజూ ఏం వండుతారు, ఏ సరుకులు వాడతారు

మీ ప్రశ్న మళ్లీ ఇక్కడ రాస్తున్నాను, మిగతావాళ్లకీ పనికొస్తుందని. మీ వారికి టాంజానియాలోని మ్వాంజాలో ఉద్యోగం వచ్చింది, ఇద్దరు పిల్లలతో వెళ్తున్నారు. అక్కడివాళ్లు ఇళ్లలో మామూలుగా ఏం వండుకుంటారు, ఆ తిండి మనకి పడుతుందా, యూట్యూబ్ చూసి ఉగాలి, అంటే మొక్కజొన్న పిండి ముద్ద, వండితే ఉండలు కట్టి పచ్చివాసన ఎందుకు వస్తోంది, ఇండియా నుంచి ఏ సరుకులు మోసుకెళ్లాలి అని అడిగారు.

మేం దార్ ఎస్ సలామ్‌లో కాపురం పెట్టి చాలా ఏళ్లయింది. మధ్యలో కొన్నాళ్లు మ్వాంజాలో కూడా ఉన్నాం. అక్కడి వంట నాకు వచ్చిందంటే ఇరుగుపొరుగు ఆడవాళ్ల పొయ్యి దగ్గర పీట వేసుకుని కూర్చోవడం వల్లే. అందుకే ముందుగా ఒక మాట చెప్తాను: సూట్‌కేసులు కందిపప్పుతో, పెసరపప్పుతో నింపకండి. ఇండియా దిగుమతి చేసుకునే కందుల్లో పెద్ద భాగం మొజాంబిక్, టాంజానియా, మలావీల నుంచే వస్తుంది. మీరు పప్పు పండే చోటికే వెళ్తున్నారు. అక్కడ దొరకనివి చాలా తక్కువ, వాటి గురించి చివర్లో రాస్తాను.

కొత్తగా వచ్చిన మనవాళ్లు చాలామంది ఒకే మాట అంటారు, "ఇక్కడి తిండి చప్పగా ఉంటుందండీ" అని. నాకు ఆ మాట వింటే బాధేస్తుంది. మనం కూర రుచి అంతా పోపులోనూ కారంలోనూ వెతుక్కుంటాం కాబట్టి, అవి కనపడకపోతే రుచే లేదనుకుంటాం. అక్కడి ఇంటివంటలో రుచి వేరే చోట ఉంటుంది. చిక్కటి కొబ్బరిపాలు, దంచిన వేరుశెనగ, ఎండబెట్టిన చేప, పులియబెట్టిన పిండి, ఆ పొద్దున కోసిన ఆకు, వీటి మీద నడుస్తుంది వంటంతా. ఉల్లిపాయ, టమాటా, ఉప్పు, ఒక్కోసారి నిమ్మకాయ. అంతకుమించి వేస్తే ఆకు రుచి పోయిందంటారు మా పక్కింటి మామా (అక్కడ పెద్దావిడని అలా పిలుస్తారు). పచ్చిమిరపకాయ వంటలో వేయరు, కావలసినవాళ్లు కొరుక్కోవడానికి పక్కన పెడతారు. జాంజిబార్, మొంబాసా లాంటి తీరం ఊళ్లలో మాత్రం లవంగం, యాలకులు, దాల్చినచెక్క బాగా వాడతారు. పిలావులూ బిర్యానీలూ అక్కడివే. మ్వాంజా తీరానికి దూరం, సరస్సు ఒడ్డు ఊరు. అక్కడి వంట ఇంకా సాదాగా ఉంటుంది.

భోజనం కూర్పు తెలిస్తే సగం పని అయిపోయినట్టే. కంచంలో ఒక గట్టి పదార్థం ఉంటుంది: ఉగాలి, లేదా అన్నం, లేదా ఉడికించిన అరటికాయ, లేదా కర్రపెండలం, చిలగడదుంప. దాంతోపాటు ఎంబోగా ఒకటి, అంటే ఆకుకూరో, చిక్కుడుగింజలో, చేపో, మాంసమో. మనలా పప్పు, కూర, పులుసు, పచ్చడి, పెరుగు అని ఐదు రకాలు ఉండవు. ఒక్కటే ఉంటుంది కాబట్టి ఆ ఒక్కదాన్నీ శ్రద్ధగా వండుతారు.

ఇక మీ ఉగాలి సంగతి. మీరు వాడిన పిండి ఏమిటో రాయలేదు. ఇండియాలో ప్యాకెట్ మీద కార్న్ ఫ్లోర్ అని ఉండేది గంజిపొడి, దాంతో ఉగాలి చచ్చినా రాదు. పసుపు మొక్కజొన్న పిండితో వస్తుంది గానీ రుచీ రంగూ వేరు. అక్కడ వాడేది తెల్ల మొక్కజొన్న. టాంజానియాలో ఆ పిండి రెండు రకాలుగా దొరుకుతుంది. పైపొట్టు, మొలకభాగం తీసేసి ఆడించిన తెల్లటి మెత్తటి పిండిని సెంబే అంటారు. గింజ మొత్తంగా ఆడించింది డోనా. డోనా కొంచెం ముతకగా, తియ్యగా ఉంటుంది, పీచు ఎక్కువ. మొలకభాగంలో నూనె ఉంటుంది కాబట్టి నిల్వ ఉంచితే త్వరగా కమురు వాసన వస్తుంది, కొద్దికొద్దిగా కొనుక్కోవాలి. నేను ఇంట్లో వాడేది డోనానే. పిల్లలకి మొదట్లో సెంబే సులువుగా అలవాటవుతుంది.

ఉండలు కట్టడానికి కారణం ఒకటే. మరిగే నీళ్లలో పొడిపిండి ఒక్కసారిగా పోస్తే ముద్ద పైపొర వెంటనే ఉడికి జిగురు కడుతుంది, లోపలికి నీళ్లు వెళ్లవు. పైన ఉడికి లోపల పొడిగా మిగిలిపోతుంది, పచ్చివాసన కూడా అందులోంచే. అందుకే అక్కడివాళ్లు ముందు జావ కాస్తారు. నాలుగు గ్లాసుల నీళ్లు గిన్నెలో పెట్టి, గుప్పెడు పిండిని చన్నీళ్లలో కలిపి అందులో పోసి కలుపుతూ మరగనిస్తారు. ఆ జావ పలచగా ఉండి బుడగలు చిట్లుతూ ఎగురుతుంది, చెయ్యి జాగ్రత్త. ఐదారు నిమిషాలు బాగా ఉడికాక, మంట తగ్గించకుండా, పిండి గుప్పెళ్లతో చల్లుతూ మ్వికోతో తిప్పాలి. మ్వికో అంటే వెడల్పాటి చెక్క తెడ్డు, మామూలు గరిటె వంగిపోతుంది. మొత్తం మీద రెండున్నర నుంచి మూడు గ్లాసుల పిండి పడుతుంది.

గట్టిపడ్డాక గుండ్రంగా తిప్పడం ఆపేయాలి. ముద్దని తెడ్డుతో గిన్నె గోడకేసి నొక్కి, కిందనుంచి ఎత్తి మడిచి, మళ్లీ నొక్కాలి. ఉండలు ఉంటే ఆ నొక్కుడులోనే చితికిపోతాయి. హ్యాండిల్ లేని అల్యూమినియం గిన్నెలో, సుఫురియాలో వండుతారు కాబట్టి ఒక చేత్తో గుడ్డ పట్టుకుని గిన్నెని గట్టిగా పట్టుకోవాలి. కొందరైతే కాలితో పొయ్యిని అదిమిపెడతారు. పది నిమిషాలు తక్కువ కాకుండా తిప్పాక ముద్ద గిన్నె అంచులు వదిలి ఒక్కటిగా కదులుతుంది. తడి వేలితో తాకితే అంటుకోదు. అప్పుడు మంట బాగా తగ్గించి, మూత పెట్టి రెండు మూడు నిమిషాలు వదిలేస్తే కాల్చిన మొక్కజొన్న కండె వాసన వస్తుంది. ఆ వాసన వచ్చేదాకా దించకండి. పళ్లెంలో బోర్లించి గిన్నె తీస్తే గుండ్రంగా నిలబడుతుంది. గిన్నె అడుగున అంటుకున్న మాడుపొరని ఉకోకో అంటారు, దానికోసం పిల్లలు పోట్లాడుకుంటారు. ఉగాలిలో ఉప్పు వేయరు, ఉప్పూ కమ్మదనం అంతా పక్కనున్న కూరలో ఉండాలి.

తినే పద్ధతి మనకి కొత్త కాదు. రాయలసీమలో సంగటి ముద్ద తిన్నవాళ్లకి అసలే కొత్త కాదు. తినేముందు చేతులు కడుక్కోవడానికి చెంబుతో నీళ్లు పోస్తారు, ఇంటికొచ్చిన అతిథికి చిన్నపిల్లలు నీళ్లు పోయడం మర్యాద. కుడిచేత్తో చిన్న ముద్ద తుంచి, అరచేతిలో గుండ్రంగా చేసి, బొటనవేలితో గుంట నొక్కి, ఆ గుంటతో కూర ఎత్తుకుని తింటారు. మీరు వెళ్లిన ఇంట్లో స్పూను అడగకుండా చేత్తో తినండి, ఆ ఇంటావిడ ముఖం చూడండి.

మొక్కజొన్న తూర్పు ఆఫ్రికాది కాదు. అమెరికా ఖండాల్లో పుట్టిన పంట, పోర్చుగీసువాళ్ల రాకతో ఆఫ్రికా తీరానికి చేరింది. వలస పాలన రోజుల్లో తోటల కూలీలకీ పనివాళ్లకీ రేషన్ కింద మొక్కజొన్న పిండే ఇచ్చేవారు, అలా లోపలి ఊళ్లలో కూడా స్థిరపడింది. అంతకుముందు ముద్ద అంటే జొన్నదో రాగిదో. మనం రాగి అంటాం గదా, అది ఈ తూర్పు ఆఫ్రికా ఎత్తైన ప్రాంతాల్లోనే మొదట సాగులోకి వచ్చి, వేల ఏళ్ల కిందట మన దేశం చేరింది. జొన్న, అలసందలు కూడా ఆఫ్రికా నుంచి వచ్చినవే. కాబట్టి మ్వాంజా బజారులో మీకు తెలిసిన ధాన్యాలే కనపడతాయి, పేర్లు మారతాయంతే: రాగులు ఉలేజి, జొన్నలు మ్తామా, సజ్జలు ఉవేలే. కెన్యా వెళ్తే రాగుల్ని వింబీ అంటారు.

రాగిపిండితో రోజూ పొద్దున ఉజి కాస్తారు, అంటే జావ. బాలింతలకీ పసిపిల్లలకీ ఇదే. పిండి ముందురోజు నీళ్లలో కలిపి పులియనిచ్చి కాచేది చాలా బాగుంటుంది, పుల్లగా కమ్మగా. ఉజి వా లిషే అని పిల్లల కోసం మొక్కజొన్న, రాగి, సోయా, వేరుశెనగ అన్నీ కలిపి ఆడించిన పిండి అమ్ముతారు. అది కొంటే ఒక జాగ్రత్త: వేరుశెనగ, మొక్కజొన్న రెండింటికీ తేమ తగిలితే అఫ్లాటాక్సిన్ అనే విషం తయారుచేసే బూజు పడుతుంది. కెన్యాలో 2004లో బూజు పట్టిన మొక్కజొన్న తిని 125 మంది చనిపోయారు. వండినా ఆ విషం పోదు. అందుకే పిల్లల పిండి బజారులో కలిపి పెట్టింది కాకుండా, గింజలు విడివిడిగా కొని, రంగు మారినవీ ముడుచుకుపోయినవీ ఏరేసి, మీరే మిల్లుకి పట్టుకెళ్లి కొద్దికొద్దిగా ఆడించుకోండి. వీధివీధినా మిల్లు ఉంటుంది, ఇబ్బందేం కాదు.

ఇప్పుడు ఆకుకూరలు. నాకు ఆ దేశపు వంటలో అన్నింటికంటే ఇష్టమైనవి ఇవే, కొంచెం ఎక్కువ రాస్తే ఓపిక పట్టండి. బజారులో ఆకుకూరలు కుప్పలు పోసి అమ్ముతారు, కుప్పని ఫుంగు అంటారు. గింజలు, దుంపలు అయితే సాడో అనే చిన్న ప్లాస్టిక్ బకెట్‌తో కొలుస్తారు. టాంజానియాలో ప్లాస్టిక్ క్యారీ బ్యాగుల్ని 2019 జూన్ నుంచి నిషేధించారు, విమానంలో కూడా అలాంటి కవర్లు తీసుకురావద్దు. రెండు గుడ్డసంచులు పెట్టుకోండి.

తోటకూరని మ్చీచా అంటారు, అన్నిచోట్లా దొరుకుతుంది. చిలగడదుంప ఆకు మతెంబెలే. గుమ్మడి ఆకుని పైనున్న నారపొర ఒలిచి వండుతారు, ఆ ఒలవడం వస్తే గుమ్మడాకు చాలా మెత్తగా ఉడుకుతుంది. అలసంద ఆకు కుందే. మన పొలాల గట్ల మీద దొరికే కామంచి ఆకు అక్కడ మ్నఫు పేరుతో బజారులో అమ్ముతారు, కెన్యాలో మనగు. వామింట ఆకుని మ్గగానీ అంటారు. మనకి ఊళ్లలో పెద్దవాళ్లకి తప్ప ఈ రెండూ మర్చిపోయిన ఆకులు, అక్కడ మాత్రం ఇప్పటికీ అడిగి కొనుక్కుంటారు. వామింట చేదు, అందుకే ఉడికించి నీళ్లు వంపేసి పాలు పోసి మళ్లీ నెమ్మదిగా ఉడికిస్తారు. పశ్చిమ కెన్యాలో ఒక రాత్రంతా పాలల్లో ఉంచి మర్నాడు తింటారు, చేదు చాలావరకు పోయి గాఢమైన రుచి వస్తుంది. జిగురు ఆకు మ్లెండా కూడా ఉంది, బెండకాయ జిగురు ఇష్టపడేవాళ్లకి అది నచ్చుతుంది.

వండే పద్ధతి రెండు రకాలు. తీరంలో కొబ్బరిపాలతో, మ్వాంజా వైపు వేరుశెనగతో. కొబ్బరి మ్వాంజాకి తీరం నుంచి రావాలి, కాబట్టి అక్కడ దాని ధర ఎక్కువ. వేరుశెనగ మాత్రం అక్కడి సుకుమా తెగ రైతులు బాగా పండిస్తారు. పల్లీలు దోరగా వేయించి, పొట్టు తీసి, రోట్లో దంచితే బరకగా పొడి వస్తుంది. ఆకు ఉల్లిపాయ, టమాటాతో మగ్గాక ఆ పొడిని గోరువెచ్చటి నీళ్లలో జారుగా కలిపి పోసి, సన్నసెగ మీద పదిహేను నిమిషాలు ఉడకనివ్వాలి. ముందే పోస్తే అడుగంటుతుంది. నూనె పైకి తేలితే అయిపోయినట్టు. మిక్సీలో మరీ మెత్తగా చేస్తే ముద్దగా జిగటగా అవుతుంది, బరకగానే ఉండాలి.

కొబ్బరిపాలతో వండేటప్పుడు పాలు విరగడం మనవాళ్లకి తరచూ వచ్చే ఇబ్బంది. అక్కడి ఆడవాళ్లు కొబ్బరిని ఎంబుజి మీద కూర్చుని కోరతారు. అది చిన్న మడతపీట, ముందుకి పొడుచుకొచ్చిన పళ్ల ఇనప నాలుక ఉంటుంది. కోరిన కొబ్బరిలో గోరువెచ్చని నీళ్లు కొద్దిగా పోసి పిండితే వచ్చే మొదటి చిక్కటి పాలు వేరే పెడతారు. మళ్లీ నీళ్లు పోసి పిండిన పలచటి పాలల్లో ఆకు గానీ గింజలు గానీ ఉడికిస్తారు. చివర్లో చిక్కటి పాలు పోసి, పొంగు వచ్చేదాకా గరిటె ఆపకుండా, కిందనుంచి ఎత్తిపోస్తూ తిప్పుతారు. పొంగు వచ్చాక సెగ తగ్గించేసి కొద్దిసేపు వదులుతారు. తిప్పడం ఆపితే పాలు విరిగి నూనె, నీళ్లు విడిపోతాయి. టమాటా ఉంటే అది బాగా మగ్గాకే పాలు పోయాలి, పచ్చి పులుపు తగిలితే విరగడం ఇంకా తొందరగా అవుతుంది. డబ్బా కొబ్బరిపాలు దొరుకుతాయి గానీ ఈ రుచి ఉండదు.

కర్రపెండలం ఆకుతో చేసే కిసంవు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చూడటానికి ముదురు ఆకుపచ్చ ముద్ద, పల్లీలు, కొబ్బరిపాలు పోసి వండితే అంత కమ్మటి కూర నేను ఇంకెక్కడా తినలేదు. అయితే ఆ ఆకులో పచ్చిగా ఉన్నప్పుడు సయనైడ్‌ని వదిలే పదార్థాలు ఉంటాయి. మిగతా ఆకుల్లా తరిగి పోపులో వేసి దించేస్తే ప్రమాదం. లేత ఆకుల్ని రోట్లో బాగా దంచి, మూత లేకుండా ఎక్కువ నీళ్లలో గంటకి తక్కువ కాకుండా ఉడికిస్తారు. దంచడం వల్ల ఆ పదార్థం విడిపోతుంది, ఉడకడం వల్ల ఆవిరిగా బయటికి పోతుంది. బజారులో దంచిన ఆకు అమ్ముతారు, అది కొన్నా సరే ఉడికించే సమయం మాత్రం తగ్గించొద్దు. దుంపల్లోనూ చేదు రకం ఉంటుంది, దాన్ని నానబెట్టి, పులియబెట్టి, ఎండబెట్టి పిండి ఆడిస్తారు. మీరు మాత్రం నమ్మకమైనవాళ్ల దగ్గర తియ్య రకమే కొని, ఉడికించుకుని తినండి. చేదు తగిలితే పక్కన పెట్టేయండి.

పప్పుల విషయం తేలిగ్గా చెప్పేస్తాను. కందులు ఎంబాజి, పెసలు చొరోకో, సెనగలు డెంగు, అలసందలు కుందే. మ్వాంజా, షిన్యాంగా వైపు నల్లరేగడి నేలల్లో సెనగ బాగా పండుతుంది. కెన్యాలో ఎన్‌డెంగు అంటే మాత్రం పెసలు, కెన్యా వీడియోలు చూసి వండేటప్పుడు ఈ తేడా గుర్తుపెట్టుకోండి. మనం కందుల్ని పప్పు చేసి వండుతాం, వాళ్లు పొట్టుతో, గింజగానే ఉడికించి కొబ్బరిపాలల్లో వేస్తారు. తీరంలో పొద్దున టిఫిన్‌గా కొబ్బరిపాల కందులు, పక్కన మాహమ్రీలు, అంటే యాలకులు వేసి నూనెలో వేయించిన తియ్యటి రొట్టెలు, తింటారు. వినడానికి వింతగా ఉంటుంది, ఒకసారి తింటే ఎందుకు మనకి తట్టలేదా అనిపిస్తుంది. ఎన్‌జుగు మావే అని రాయిలా గట్టిగా, గుండ్రంగా ఉండే గింజ ఒకటి ఉంది. వేరుశెనగలా నేలలోపలే కాయలు కాస్తుంది, ఆఫ్రికాలోనే పుట్టిన పంట. రాత్రి నానబెట్టి చాలాసేపు ఉడికించాలి, ఉడికాక పనసగింజని తలపించే రుచి.

ఇళ్లలో వారంలో సగం రోజులు ఉండేది మహరాగే, ఎర్ర చిక్కుడుగింజలు. ఇవి నానబెట్టకుండా, పూర్తిగా ఉడకకుండా తింటే కడుపు పాడవుతుంది, వాంతులవుతాయి. నానిన నీళ్లు పారబోసి కొత్త నీళ్లలో గట్టిగా మరిగించాలి. మ్వాంజా సముద్రమట్టానికి సుమారు 1,140 మీటర్ల ఎత్తులో ఉంది, నీళ్లు అక్కడ కొంచెం తక్కువ వేడిలోనే మరుగుతాయి, గింజలు ఉడకడానికి మన ఊళ్లకంటే ఎక్కువ సేపు పడుతుంది. కుక్కర్ ఉంటే ఆ గొడవ లేదు. అక్కడివాళ్లలో చాలామంది బొగ్గుల కుంపటి మీద, జికో మీద, సాయంత్రమంతా మరగబెడతారు.

మీరు చేపలు తింటారో లేదో రాయలేదు. తింటే మీరు వెళ్తున్నది విక్టోరియా సరస్సు ఒడ్డుకి, అంతకంటే మంచి చోటు లేదు. సాటో అంటే తిలాపియా, దీనికే గిరాకీ ఎక్కువ. సంగారా అంటే నైల్ పెర్చ్, 1950ల్లో ఆ సరస్సులో వదిలిన చేప, పెద్దది, ముళ్లు తక్కువ, పిల్లలకి మంచిది. డగా అనేది వేలెడంత కూడా ఉండని వెండిరంగు చేప, ఎండబెట్టి అమ్ముతారు. మనకి నెత్తళ్లు ఎలాగో అక్కడ ఇదలాగ. ఒడ్డున ఇసుక మీద ఆరబెట్టినది కొంటే ఇసుక బాగా ఉంటుంది, తలలు తుంచి, గోరువెచ్చటి నీళ్లలో నాలుగైదుసార్లు కడగాలి. తర్వాత కరకరలాడేలా వేయించి, ఉల్లి, టమాటా వేసి, దించేముందు నిమ్మరసం పిండితే ఉగాలికి దానికి మించిన జోడు లేదు. ఎండలో పరదాల మీద, బల్లల మీద ఆరబెట్టినది కొంచెం ఖరీదైనా అదే కొనండి.

బియ్యానికి బెంగ అక్కర్లేదు. మ్వాంజా, షిన్యాంగా చుట్టుపక్కల వరి బాగా పండుతుంది, దేశానికి దక్షిణాన కైలా బియ్యం సువాసనకి పేరు. మన సోనా మసూరిలా సన్నగా, పొడిపొడిగా ఉండదు, కొంచెం ముద్దగా అవుతుంది. నీళ్లు తగ్గించి వండుకోండి.

సరస్సుకి అవతలి ఒడ్డున బుకోబా ఉంది, అక్కడి హాయా వాళ్లకీ, ఇంకా ఉత్తరాన యుగాండా బగాండా వాళ్లకీ అరటికాయే అన్నం. యుగాండాలో దాన్ని మతోకే అంటారు. మన కూరరటికాయ లాంటిదే గానీ ఉడికితే వెన్నలా మెత్తబడే రకం. తొక్క తీసిన కాయల్ని అరటాకుల్లో మూటకట్టి, అడుగున అరటికాడలు పేర్చి, ఆవిరి మీద గంటల తరబడి ఉడికిస్తారు. ఉడికాక మూట విప్పకుండానే పైనుంచి చేతులతో అదిమి మెదుపుతారు. పక్కన గులాబీరంగు పల్లీల పులుసు. ఉత్తర యుగాండా అచోలీవాళ్ల మలాక్వాంగ్ అని ఒక వంట ఉంది, మన గోంగూర కుటుంబానికే చెందిన పుల్లటి ఆకుని ఉడికించి, పల్లీ నువ్వుల ముద్ద కలుపుతారు, చిలగడదుంపతో తింటారు. గోంగూర లేకుండా ఉండలేనని మీరు రాశారు గదా, కంపాలా ఎప్పుడైనా వెళ్తే ఉత్తరాది వంట వండే హోటల్ అడిగి మరీ తినండి. టాంజానియాలో ఆ కుటుంబపు ఎర్ర పూతొడిమల్ని ఎండబెట్టి షర్బతు చేసుకోవడమే ఎక్కువ. బజారులో ఎండు తొడిమలు కొని పప్పులో వేసుకోవచ్చు, నేను చేస్తాను, గోంగూర పప్పు పులుపు చాలావరకు వస్తుంది.

చపాతీ, సమోసా, మసాలా టీ అక్కడ ఇంటి వంటలే అయిపోయాయి. 1896 నుంచి 1901 వరకు మొంబాసా నుంచి సరస్సు దాకా రైలుమార్గం వేయడానికి బ్రిటిష్‌వాళ్లు 30 వేల పైచిలుకు మంది కూలీల్ని ఇండియా నుంచి, ఎక్కువగా పంజాబ్ వైపు నుంచి తీసుకెళ్లారు. గుజరాతీ వ్యాపారులు అంతకుముందే తీరంలో ఉన్నారు. అయితే అక్కడి చపాతీ మైదాతో, నూనె రాసి చుట్టి పొరలుపొరలుగా చేసేది, మన పుల్కా కాదు. విటుంబువా అని ఇంకొకటి ఉంది: నానబెట్టిన బియ్యం కొబ్బరిపాలతో రుబ్బి, ఈస్టు, చక్కెర, యాలకులు వేసి పులియబెట్టి గుంతల పెనంలో పోస్తారు. ఆ పెనం చూస్తే మీరు గుంత పొంగనాల పెనం అనే అంటారు. కాబట్టి అది ఇండియా నుంచి మోయక్కర్లేదు.

మరి ఏం మోయాలి? ఇంగువ, మీకు అలవాటైన సాంబారు పొడి, కారప్పొడి, మినప్పప్పు కొంచెం, మంచి ప్రెషర్ కుక్కర్, దాని వాషర్లు రెండు మూడు ఎక్కువ. మిక్సీ, గ్రైండర్ 230 వోల్టులకే పనిచేస్తాయి, గోడకి బ్రిటిష్ తరహా మూడు చదరపు పిన్నుల ప్లగ్గులు ఉంటాయి కాబట్టి అడాప్టర్లు కావాలి. ఆవాలు, జీలకర్ర, పసుపు, మెంతులు, పప్పులు మ్వాంజాలో గుజరాతీవాళ్ల దుకాణాల్లో దొరుకుతాయి. చింతపండుని ఉక్వాజు అంటారు, ఆ చెట్టు ఆఫ్రికాదే. కూరగాయల విత్తనాలు మాత్రం అనుమతి లేకుండా తేవద్దు, విమానాశ్రయంలో పట్టుకుంటారు, పంటలకి తెగుళ్లు తెచ్చిపెట్టే విషయం కూడా.

పిల్లలకి మొదట ఉగాలితో మొదలుపెట్టకండి, మకాండేతో మొదలుపెట్టండి. పొట్టు తీసిన తెల్ల మొక్కజొన్న గింజలు, ఎర్ర చిక్కుడుగింజలు సమపాళ్లలో విడివిడిగా రాత్రి నానబెట్టండి. పొద్దున నీళ్లు పారబోసి, రెండూ కలిపి కొత్త నీళ్లతో కుక్కర్‌లో మెత్తగా ఉడికించి, ఉల్లిపాయ, క్యారెట్, టమాటా వేయించి కలిపి, అరకప్పు బరక పల్లీపొడి నీళ్లలో కలిపి పోయండి. ఉప్పు గింజలు మెత్తబడ్డాకే వేయండి. సన్నసెగ మీద ఇంకో పావుగంట. కెన్యాలో దీన్నే కొంచెం మార్చి గితేరి అంటారు. బడికి వెళ్లాక వాళ్ల స్నేహితులు తినేదీ ఇదే ఉంటుంది చాలా రోజులు, ఇంట్లో ముందే అలవాటైతే అక్కడ కంచం ముందు కూర్చుని టెన్షన్ పడరు. పల్లీలు పడని పిల్లలెవరైనా ఉంటే బడిలో ముందే చెప్పండి, అక్కడ కూరల్లో పల్లీపొడి చాలా మామూలుగా కలిసిపోయి ఉంటుంది.